పాత ఫ్లాపీల్లోంచి మన తెలుగును బయటికి తీయడం: విశాఖ ఉప్పుగాలిలో పనికొచ్చే పద్ధతి

1990ల్లో, 2000ల మొదట్లో కంప్యూటర్ ముట్టుకున్నవాళ్లున్న చాలా విశాఖ ఇళ్లలో ఒక ఫ్లాపీల డబ్బా, అంటే అప్పట్లో కంప్యూటర్ ఫైళ్లు దాచుకున్న చిన్న డిస్కుల డబ్బా, ఇంకా ఎక్కడో ఉంటుంది. అటక మీద, బీరువా కింది అరలో, పాత సర్టిఫికెట్ల ఫైలు పక్కన. ద్వారకానగర్ లైన్లలో కోర్సు చేసినప్పటి ప్రాజెక్టు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాసిన థీసిస్ అధ్యాయాలు, ఉక్కునగరం క్వార్టర్లలో ఆడిన నాటకం ప్రతి, డీటీపీ సెంటర్లో కొట్టించిన శుభలేఖ, అమ్మమ్మ చెబుతుంటే ఎవరో టైపు చేసిన పెళ్లిపాటలు. అచ్చు కాపీ పోయి ఫ్లాపీ మాత్రమే మిగిలినవి వీటిలో ఎన్నో.

నాకు ఫ్లాపీ అంటే ఇష్టం. వేలితో తోస్తే జరిగి, వదిలేస్తే టక్కున మూసుకునే ఆ రేకు తలుపు ఇష్టం. సిస్టమ్ ఆన్ చేయగానే డ్రైవ్ గుర్రుమని ఒకసారి తల ఆడించుకునే చప్పుడు ఇష్టం. చొక్కా జేబులో పెట్టుకుని సిటీ బస్సెక్కి, చేసిన పనంతా గుండెకు ఆనించుకుని తీసుకెళ్లిన రోజులవి. ఆ ఇష్టంతోనే చెబుతున్నాను: వస్తువును దాచుకోవడం ఒక్కటే చాలదు, లోపలున్నదాన్ని బయటికి తేవాలి. అయస్కాంతపు పూత శాశ్వతం కాదు. మన ఊరి గాలి దాన్ని ఇంకా తొందరపెడుతుంది.

పని రెండు అంచెలుగా ఉంటుంది. డిస్కు మీది బైట్లను చెడకుండా కాపీ చేసుకోవడం మొదటిది. ఆ బైట్లను మళ్లీ తెలుగు అక్షరాలుగా చదవడం రెండోది. ఇంగ్లిష్‌లో దొరికే సలహాలు చాలావరకు మొదటిదానితో ఆగిపోతాయి, ఎందుకంటే వాళ్ల ఫైలు తెరిస్తే వాళ్ల భాష కనిపిస్తుంది. మనకు అలా కాదు. అందుకే తెలుగు అక్షరాల అడుగు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదటి అడుగు: డ్రైవ్‌లో పెట్టకుండా ఆగడం

ఫ్లాపీ దొరకగానే "పనిచేస్తోందో లేదో చూద్దాం" అని డ్రైవ్‌లో పెట్టేయాలనిపిస్తుంది. అదే అన్నిటికన్నా ప్రమాదం. బూజు పట్టిన డిస్కు మీద హెడ్ (డిస్కును తాకుతూ చదివే భాగం) గీరుకుంటూ పోతే పూత లేచిపోతుంది. లేచిన పొడి హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టిన మంచి డిస్కును కూడా గీస్తుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టే, ఒక్కదానితో మొదలై అన్నిటికీ పాకుతుంది.

ఎండలో ఆరబెట్టొద్దు. పరుపులకీ వడియాలకీ పనికొచ్చే మన ఎండ ఫ్లాపీకి పనికిరాదు. పలచటి ప్లాస్టిక్ డిస్కు వంకర తిరుగుతుంది. తడిసిన ఫోన్‌కు చేసినట్టు బియ్యం డబ్బాలో కూడా పెట్టొద్దు, తవుడు ధూళి లోపలికి చేరుతుంది. స్పీకర్ల మీద, ఫోన్ మీద, అయస్కాంతం ఉన్న పర్సు పక్కన పెట్టకండి.

రెండో అడుగు: ఫొటో తీసి, ఏరి, తాళం వేయడం

ప్రతి ఫ్లాపీకీ ముందూ వెనకా ఫొటో తీయండి. లేబుల్ మీది చేతిరాత కూడా సమాచారమే. ఫైళ్లకు అప్పట్లో ఎనిమిది అక్షరాల పేరు, చుక్క, మూడు అక్షరాల తోక మాత్రమే ఉండేవి. ఆ ఎనిమిదిలో ఇరికించిన పేరు దేనిదో చెప్పేది చాలాసార్లు లేబులే. లేబుల్ ఊడొస్తుంటే పారేయకుండా వరస నంబరు వేసి చిన్న కవర్లో పెట్టండి. కొత్త నంబరు రాయాలంటే విడిగా స్టిక్కర్ మీద రాసి అంటించండి, డిస్కు మీద బాల్ పెన్ను నొక్కి రాయకండి.

ఇక రకాలు. మెత్తగా వంగే 5.25 అంగుళాల ఫ్లాపీలు రెండు రకాలు: 360 కేబీవి, 1.2 ఎంబీవి. గట్టి ప్లాస్టిక్ తొడుగున్న 3.5 అంగుళాలవాటిలో 720 కేబీ, 1.44 ఎంబీ. చిన్నవాటిని గుర్తుపట్టడం తేలిక: కింది మూలల్లో ఒకవైపు మాత్రమే కన్నం ఉంటే 720, రెండు వైపులా ఉంటే 1.44. అంతకు ముందటి 8 అంగుళాల ఫ్లాపీని ఐబీఎం 1971లో తెచ్చింది. ఇళ్లలో అది దాదాపు కనిపించదు. పాత ఆఫీసు సామానులో దొరికితే మాత్రం విడిగా, భద్రంగా తీసిపెట్టండి.

ఇప్పుడు తాళం. 3.5 అంగుళాల ఫ్లాపీ వెనక మూలలో చిన్న జారుడు బిళ్ల ఉంటుంది. అది జరిపి కన్నం తెరుచుకుంటే ఆ డిస్కు మీద ఏదీ రాయడం కుదరదు. 5.25 వాటికి ఇది తలకిందులు: అంచున ఉన్న గాడిని మూసేస్తేనే రక్షణ. గాడి మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి. ఈ పని అన్నిటికీ, మినహాయింపు లేకుండా, ఇప్పుడే చేసేయాలి. కొత్త విండోస్‌కు పాత డిస్కు అర్థం కాకపోతే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. చేయి జారి సరేనన్నా తాళం ఉంటే డిస్కు బతుకుతుంది.

గేములు, డ్రైవర్లు, కంపెనీ ముద్ర ఉన్న సాఫ్ట్‌వేర్ డిస్కులు ఒక పక్కకు పెట్టండి. చేత్తో లేబుల్ రాసినవి ముందు. వాటిలోనూ తెలుగు పేర్లున్నవి అన్నిటికన్నా ముందు.

మూడో అడుగు: బూజు చూడటం, తీయడం

ఫ్లాపీలను దాచడానికి 40 నుంచి 50 శాతం తేమ మంచిదంటారు. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే. లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వంటి సముద్రం దగ్గరి పేటల్లో కిటికీ గ్రిల్లే తుప్పు పడుతుంది. ఫ్లాపీ రేకు తలుపూ దాని స్ప్రింగూ ఎంత! దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లలో కిటికీ అద్దాలు పగిలి గదుల్లోకి నీళ్లు వచ్చాయి. అప్పుడు తడిసి తర్వాత వాటంతటవే ఆరిపోయిన డబ్బాలు ఇంకా అలాగే ఉన్నాయి. మీ డబ్బా మీద నీటి మరక కనిపిస్తే లోపలివన్నీ అనుమానించండి.

చూసే పద్ధతి ఇది. రేకు తలుపును వేలితో జరిపి, మధ్యనున్న లోహపు బిళ్లను వెనకవైపు నుంచి మెల్లగా తిప్పుతూ, టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా డిస్కును చూడండి. మంచి డిస్కు ముదురు గోధుమ రంగులోనో నల్లగానో నున్నగా మెరుస్తుంది. తెల్లటి చుక్కలు, సాలెగూడులాంటి గీతలు, మసక మచ్చలు ఉంటే బూజు. పారదర్శకంగా వలయాలు కనిపిస్తే అక్కడ పూత ఇప్పటికే పోయినట్టు. ఆ వలయం మీది డేటా తిరిగి రాదు. మిగతా వలయాలు మాత్రం రావచ్చు, పారేయకండి. రెండు వైపులా చూడటం మరిచిపోవద్దు.

బూజు లేనివాటికి ఏమీ చేయకండి. ఉన్నవాటికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు ఊడని కాటన్ బడ్స్ కావాలి. మందుల షాపులో గాయాలకు ఇచ్చే స్పిరిట్ వద్దు, అందులో నీళ్లూ వేరే పదార్థాలూ కలిసి ఉంటాయి. ఫ్యాన్ ఆపి, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోండి. మాస్కు పెట్టుకోండి, బూజు ఊపిరితిత్తులకు మంచిది కాదు. బడ్‌ను తడిపి, పిండి, తలుపు సందులోంచి డిస్కుకు ఆనించి, డిస్కునే కొద్దికొద్దిగా తిప్పండి. గట్టిగా రుద్దొద్దు. బడ్ తెల్లగానో బూడిద రంగుగానో మాసితే అది బూజు, కొత్త బడ్ తీసుకుని కొనసాగించండి. గోధుమ రంగు అంటుకుంటే అది పూతే ఊడుతోంది, వెంటనే ఆపేయండి. ఆల్కహాల్ లేబుల్ మీది ఇంకును కరిగిస్తుంది కాబట్టి లేబుల్ వైపు చుక్క కూడా పడనివ్వకండి.

బూజు ఎక్కువగా ఉంటే బయట తుడిచి లాభం లేదు. తొడుగు లోపల డిస్కుకు రెండు వైపులా మెత్తటి గుడ్డ పొరలు ఉంటాయి. బూజు అక్కడ కాపురం పెడుతుంది. అప్పుడు తొడుగు విప్పాలి. రేకు తలుపును జాగ్రత్తగా తీసి, ప్లాస్టిక్ తొడుగు అంచుల్ని పలచటి బద్దతో మెల్లగా విడదీసి, డిస్కును అంచులతో పట్టుకుని బయటికి తీయండి. విడిగా రెండు వైపులా తుడిచి, ఆరాక, మంచి స్థితిలో ఉన్న పనికిరాని ఫ్లాపీ తొడుగులో కూర్చోబెట్టండి. ఏ వైపు పైన ఉందో ముందే ఫొటో తీసుకోండి. ఓపికగా చేస్తే ఇంట్లోనే కుదిరే పని ఇది, భయపడక్కర్లేదు.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన డిస్కును వెంటనే వాడకండి. చల్లటి వస్తువు మీద మన గాలిలోని తేమ నీటి పొరగా పేరుకుంటుంది. మూసిన కవర్లో అలాగే ఉంచి, గది వేడికి వచ్చాక తెరవండి.

నాలుగో అడుగు: డ్రైవ్

1998లో ఆపిల్ ఐమ్యాక్ ఫ్లాపీ డ్రైవ్ లేకుండా వచ్చింది, సోనీ 2011లో తన సొంత దేశంలో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. అయినా యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లు ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. 1.44 ఎంబీ డిస్కులు, పెద్దగా దెబ్బతిననివి, కొద్దిపాటి సంఖ్యలో ఉంటే అది చాలు. విండోస్ 10, 11 కూడా దాన్ని గుర్తుపట్టి "ఎ" డ్రైవ్‌గా చూపిస్తాయి. కాకపోతే కొన్నిటికి 720 కేబీ చదవడం రాదు, 5.25 అంగుళాలవి అసలు పట్టవు, సెక్టార్ (డిస్కు మీద డేటా దాచే చిన్న ముక్క) కొంచెం బలహీనంగా ఉన్నా తొందరగా చేతులెత్తేస్తాయి.

నా మొగ్గు రెండో దారికి. పాత సిస్టమ్‌లోంచి తీసిన అసలు ఫ్లాపీ డ్రైవ్, 34 పిన్నుల రిబ్బన్ కేబుల్, గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు. ఈ బోర్డు ఒకవైపు యూఎస్‌బీకి, రెండోవైపు డ్రైవ్‌కు కలుస్తుంది. డిస్కు మీద అయస్కాంత దిశ ఎక్కడెక్కడ మారిందో ఆ సంకేతాన్నే యథాతథంగా రికార్డు చేస్తుంది, సెక్టార్లుగా విడగొట్టడం తర్వాత కంప్యూటర్లో జరుగుతుంది. కాబట్టి డిస్కును ఎక్కువసార్లు తిప్పకుండానే, తీసుకున్న రికార్డు మీద ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. 3.5 అంగుళాల డ్రైవ్‌కు సాధారణంగా 5 వోల్టులు చాలు, 5.25కు 12 వోల్టులు కూడా కావాలి. పాత సిస్టమ్‌లోని పవర్ సప్లయ్ ఆ రెండూ ఇస్తుంది.

డ్రైవ్ కోసం కొత్తగా ఎక్కడికో పోనక్కర్లేదు. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు పాత సిస్టమ్‌లు బాగుచేసే షాపుల్లో, పాత ఇనుము కొట్లలో, చుట్టాలిళ్ల అటకల మీద అడగండి. మొత్తం సిస్టమ్ ఇస్తామంటే మొత్తం తీసుకోండి. అందులోని హార్డ్ డిస్కు ఎందుకు ముఖ్యమో ఏడో అడుగులో చెబుతాను.

తెచ్చిన డ్రైవ్‌లో మీ డిస్కు పెట్టే ముందు రెండు హెడ్లనూ ఆల్కహాల్ బడ్‌తో తుడవండి. పై హెడ్ సున్నితమైన స్ప్రింగ్ మీద ఉంటుంది, పైకెత్తి లాగొద్దు. తర్వాత అక్కర్లేని ఫ్లాపీ ఒకటి పెట్టి, చదివించి, బయటికి తీసి, దాని మీద కొత్త గీత పడిందేమో చూడండి. గీత లేకపోతేనే మీది పెట్టండి. అనుమానం ఉన్న ప్రతి డిస్కు తర్వాతా హెడ్లు తుడవాలి.

ఐదో అడుగు: ఫైళ్లు కాదు, డిస్కు మొత్తం

డ్రైవ్ పనిచేయగానే ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడాలని మనసు లాగుతుంది. వద్దు. ముందు డిస్కు మొత్తాన్ని మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా ఒకే ఫైలుగా కాపీ చేయాలి. దీన్ని ఇమేజ్ అంటారు. 1.44 ఎంబీ డిస్కులో 80 ట్రాకులు (డేటా రాసే వలయాలు), రెండు వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టార్‌కు 512 బైట్లు. హెచ్చవేస్తే 2,880 సెక్టార్లు, 14,74,560 బైట్లు. మీ ఇమేజ్ సరిగ్గా ఇంతే ఉండాలి. ఒక్క బైటు తేడా వచ్చినా కాపీ అసంపూర్ణం.

గ్రీజ్‌వీజిల్ వాడితే దాని సొంత ప్రోగ్రామే ఇమేజ్ ఇస్తుంది. యూఎస్‌బీ డ్రైవ్ అయితే విండోస్‌లో విన్‌ఇమేజ్ ఈ పని చేస్తుంది. లినక్స్ తెలిసినవాళ్లకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ దానికన్నా మేలు. మొదటి విడతలో తేలిగ్గా వచ్చేవన్నీ తీసుకుని, మొండికేసిన సెక్టార్లను మ్యాప్ ఫైలులో గుర్తు పెట్టుకుంటుంది. రెండో విడతలో వాటి కోసమే మళ్లీ ప్రయత్నిస్తుంది. అసలు ఉపయోగం ఇక్కడుంది: అదే మ్యాప్ ఫైలుతో అదే డిస్కును వేరే డ్రైవ్‌లో పెట్టి నడిపిస్తే, రానివాటిని మాత్రమే అక్కడ వెతుకుతుంది. రెండు డ్రైవ్‌ల మధ్య డిస్కు మొత్తం బయటపడటం తరచూ జరిగేదే.

చెవి పెట్టి వినండి. ఆరోగ్యంగా ఉన్న డిస్కు ఒకే లయలో టిక్ టిక్‌మంటూ నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో అయిపోతుంది. ఒకచోట ఆగి, వెనక్కి పోయి, మళ్లీ మొదలుపెడుతుంటే అక్కడ సెక్టార్ కష్టంలో ఉంది. కీచుమని గీసినట్టు వినిపిస్తే క్షణం ఆగకుండా డిస్కును బయటికి తీసి, హెడ్లు తుడిచి, మూడో అడుగుకు వెళ్లండి.

ఆరో అడుగు: చదవనని మొండికేస్తే

ముందు డ్రైవ్ మార్చండి. చెడ్డ డిస్కులనుకున్నవాటిలో చాలా భాగం నిజానికి హెడ్ కొంచెం పక్కకు జరిగిన డ్రైవ్‌లో రాసినవి. రాసిన డ్రైవ్‌కు ఇబ్బంది ఉండదు, వేరే డ్రైవ్‌కు మాత్రం ట్రాకు దొరకదు. అందుకే ఆ రోజుల్లో ఇంట్లో తెరుచుకున్న ఫ్లాపీ కంప్యూటర్ సెంటర్‌లో తెరుచుకునేది కాదు. అప్పటి సిస్టమ్ ఇంకా ఉంటే దాని డ్రైవ్‌తోనే ప్రయత్నించండి.

తర్వాత డిస్కును తీసి, మధ్య బిళ్లను చేత్తో కొన్ని చుట్లు తిప్పి మళ్లీ పెట్టండి. అప్పుడూ రాకపోతే గ్రీజ్‌వీజిల్‌తో ఒక్కో ట్రాకును ఎక్కువ చుట్లు రికార్డు చేయించండి. ఏదీ కుదరకపోతే డిస్కును పొడిగా దాచి, ఎంతవరకు రాలేదో రాసిపెట్టండి.

వైరస్‌ల గురించి ఒక మాట. పాత ఫ్లాపీల్లో బూట్ సెక్టార్ వైరస్‌లు (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదివే మొదటి సెక్టార్‌లో దాక్కునేవి) మామూలే. ఇప్పటి కంప్యూటర్‌ను ఆ ఫ్లాపీతో బూట్ చేయనంతవరకూ వాటితో భయం లేదు. వర్డ్ ఫైళ్లలోని మాక్రోలను (ఫైలు లోపల దాగి ఉండే చిన్న ప్రోగ్రాములను) మాత్రం ఎనేబుల్ చేయకండి.

ఏడో అడుగు: తెలుగు అక్షరాలు

ఇమేజ్‌ను 7-జిప్‌తో తెరిస్తే ఫైళ్లు కనిపిస్తాయి, వాటి తేదీలు కూడా. తేదీ 1980 జనవరి 1 అని ఉంటే ఆ ఫైలు అంత పాతదని కాదు. అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్ క్యాలెండర్ మొదలయ్యేది అక్కడి నుంచే. ఆ సిస్టమ్‌లో గడియారం నడిపే బ్యాటరీ అయిపోయిందన్నమాట. చెరిపేసిన ఫైళ్లు కూడా చాలాసార్లు తిరిగొస్తాయి. డాస్ ఫైలును చెరిపినప్పుడు పేరులోని మొదటి అక్షరాన్ని మార్చి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది తప్ప లోపలి అక్షరాలను తుడవదు. ఇమేజ్ మీద టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ప్రోగ్రాములు నడిపించండి. ఒక కథ మొదటి చిత్తుప్రతి అలా దొరికితే కలిగే సంతోషం అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు ఫైలు తెరుస్తారు. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, తల మీద గీతలూ చుక్కలూ ఉన్న అక్షరాలు, కామాలు కలగలిసి కనిపిస్తాయి. ఫైలు కరప్ట్ అయిందనుకుని చాలామంది ఇక్కడే చెరిపేస్తారు. దయచేసి చెరపొద్దు. అది నిక్షేపంలాంటి తెలుగే.

కారణం ఇది. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మామూలు ఇళ్లలో అది అందుబాటులోకి వచ్చింది 2001లో గౌతమి ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చాక. డీటీపీ సెంటర్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాత పద్ధతిలోనే నడిచాయి. ఆ పద్ధతిలో ఒక ఫాంటులో 256 గళ్లుంటాయి. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చోబెట్టారు: తలకట్టు ఒక గడి, కొమ్ము ఒక గడి, ఒత్తు ఒక గడి. అను, శ్రీలిపి వంటి తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్లు చేసిన సంస్థలు ఎవరి ముక్కలు వాళ్లు ఎవరికి తోచిన గడిలో వాళ్లు పెట్టుకున్నారు. ఏ ఫాంటుతో రాశారో ఆ ఫాంటు లేకుండా ఆ ఫైలుకు అర్థం లేదు.

అందుకే పాత సిస్టమ్ మొత్తం తెచ్చుకోమన్నాను. దాని హార్డ్ డిస్కులో విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసుకోండి. నా దృష్టిలో ఆ ఒక్క ఫోల్డర్ విలువ ఒక పెట్టెడు ఫ్లాపీలకు సమానం. టైపు చేసిన డీటీపీ సెంటర్ ఇంకా నడుస్తుంటే వెళ్లి ఏ ఫాంటు, ఏ వెర్షన్ అని అడగండి; ఆ ఆపరేటర్లకు ఎంత పాతదైనా గుర్తుంటుంది. అనులో 6కీ 7కీ మధ్య కూడా గళ్లు మారాయి, కాబట్టి వెర్షన్ తెలియడం ముఖ్యం.

ఫాంటు దొరికాక మొదట పీడీఎఫ్ చేయండి. ఆ ఫాంటుతో ఫైలు తెరిచి, పేజీలు ఎలా ఉన్నాయో అలాగే పీడీఎఫ్‌గా దాస్తే కనీసం కంటికి కనిపించే కాపీ ఒకటి శాశ్వతంగా మిగులుతుంది. డీటీపీవాళ్లు పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ ఫైళ్లయితే వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము) పాత విండోస్ పెట్టి, పేజ్‌మేకర్‌లోనే తెరవడం మేలు. అది లేనివాళ్లు లిబ్రాఫీస్ డ్రాతో ప్రయత్నించవచ్చు. లేఅవుట్ చెదిరినా మాటలు వస్తాయి.

తర్వాత యూనికోడ్‌లోకి మార్చడం. అను నుంచి, శ్రీలిపి నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఏదీ నూటికి నూరుపాళ్లు సరిగ్గా చేయదు, చేయలేదు కూడా. పాత ఫాంటులో "స్త్రీ" అంటే కంటికి కనిపించే ముక్కల వరస. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, ఈ క్రమంలోనే ఆరు సంకేతాలు. ముక్కల వరసను ఉచ్చారణ వరసగా తిప్పేటప్పుడు తప్పులొస్తాయి. దిద్దేటప్పుడు ఈ చోట్లు తప్పకుండా చూడండి: క్రావడి పక్క అక్షరానికి అంటుకోవడం, "మ" విడిపోయి "వు" కావడం, "ఘ", "ఝ" చెదరడం, ఐత్వం సగమే రావడం, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు దగ్గర విడిగా నిలవాల్సిన అక్షరం ఒత్తుగా మారడం. కన్వర్టర్ మరీ పిచ్చిగా ఇస్తుంటే ఇందాకటి పీడీఎఫ్ పేజీలను టెసరాక్ట్ అనే ప్రోగ్రాముతో తెలుగులో ఓసీఆర్ చేయండి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో చదివించండి. అక్షరాలు శుభ్రంగా ఉంటాయి కాబట్టి ఫలితం బాగుంటుంది.

దిద్దడానికి అచ్చు కాగితం ఒక్కటి ఉన్నా చాలు. శుభలేఖో, కరపత్రమో, సావనీరులో ఒక పేజీయో. దాన్ని పక్కన పెట్టుకుని చదివితే ఏ గడి ఏ అక్షరమో మీకే పట్టుబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి పైకి చదివించండి. "అత్తా, ఇక్కడ 'పందిట్లో'నా 'పందిరిలో'నా?" అని అడిగితే పాట మొత్తం అందుకుంటారు. ఫైలులో లేని చరణాలు కూడా అప్పుడే బయటికొస్తాయి.

అన్నీ ఇంత కష్టపెట్టవు. 1990ల్లో విదేశాల్లోని తెలుగువాళ్లు వాడిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతోనే రాసేవారు. అలాంటి ఫైలు దొరికితే నెట్‌లోని తెలుగు టైపింగ్ సాధనం లేఖినిలో అతికించగానే చాలావరకు తెలుగైపోతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ సాఫ్ట్‌వేర్లతో రాసి ఇస్కీ పద్ధతిలో దాచిన ఫైళ్లు కూడా నయం. బ్రాహ్మీ నుంచి వచ్చిన భారతీయ లిపులకు ఒకే సంకేతాలుండాలని 1991లో ప్రమాణంగా ఖాయమైన పద్ధతి అది, అక్షరాలు ఉచ్చారణ వరసలోనే ఉంటాయి. ఐసీయూ అనే యూనికోడ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే యూకాన్వ్ ప్రోగ్రాము వాటిని యూనికోడ్‌కు మారుస్తుంది.

తెలుగు కాని ఫైళ్లకు ఇంత చర్చ అక్కర్లేదు. ఫాక్స్‌ప్రో (పాత డేటాబేస్ ప్రోగ్రాము) డేటా లిబ్రాఫీస్ క్యాల్క్‌లో తెరుచుకుంటుంది. ఫైళ్లను కుదించే ఏఆర్‌జే ప్రోగ్రాముతో ముక్కలు చేసి అనేక ఫ్లాపీల్లో పెట్టినవి డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్‌లో డాస్ ప్రోగ్రాములు నడిపేది), అప్పటి ఏఆర్‌జేతోనే కలపండి. వరసలో ఒక్క ఫ్లాపీ చెడినా ఆ ముక్కలోని ఫైళ్లు ఆగిపోతాయి కాబట్టి అన్నిటి ఇమేజ్‌లూ అయ్యాకే మొదలుపెట్టండి.

ఎనిమిదో అడుగు: డబ్బాలోని మిగతావి

సీడీలను ఫ్లాపీల కన్నా గట్టివనుకుంటారు, కానీ ఇంట్లో రాసుకున్న సీడీల రంగు పొర వెలుతురుకూ తేమకూ వెలిసిపోతుంది. కింది గీతలకన్నా పై వైపు, లేబుల్ వైపు, గీతలు ప్రమాదం. మెరిసే పొర అక్కడే ఉంటుంది. ఐఎస్‌ఓ ఇమేజ్ తీయండి. ఒకే సీడీ మీద పలుమార్లు రాసి ఉంటే విండోస్ ఒక్కోసారి చివరిసారి రాసిందే చూపిస్తుంది, ఐసోబస్టర్ అనే ప్రోగ్రాము పాతవి కూడా చూపిస్తుంది.

ఫ్లాపీకన్నా ఎక్కువ పట్టే జిప్ డిస్కులు డీటీపీవాళ్ల దగ్గర ఉంటాయి. డ్రైవ్ పదేపదే టక్కుమంటూ ఉంటే ఆపేయండి, అదే డ్రైవ్‌లో ఇంకో డిస్కు పెట్టొద్దు. జిప్ డ్రైవ్‌లకు ఆ జబ్బు ప్రసిద్ధం. చెడిన డ్రైవ్ డిస్కునూ, ఆ డిస్కు మరో డ్రైవ్‌నూ పాడుచేయగలవు.

పాత సిస్టమ్‌లలోని, వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో కలిసే ఐడీఈ హార్డ్ డిస్కులకు యూఎస్‌బీ అడాప్టర్ కొనండి, 12 వోల్టుల పవర్ ఇచ్చేది. డిస్కు వెనకనున్న చిన్న జంపర్ బిళ్లను మాస్టర్ స్థానంలో పెట్టి, మొదటిసారి తిరిగినప్పుడే ఇమేజ్ తీసేయండి. రెండోసారి తిరుగుతుందన్న హామీ లేదు. తొలినాటి పెన్‌డ్రైవ్‌లకూ ఇదే మాట.

తొమ్మిదో అడుగు: ఎక్కడ దాచాలి

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. ఇది అందరూ చెప్పే సూత్రమే, కానీ మన ఊళ్లో "వేరే ఊరు" అన్నమాటను గట్టిగా పట్టుకోవాలి. తుఫాను వస్తే గాజువాకకూ సీతమ్మధారకూ ఒకేసారి వస్తుంది. ఒక హార్డ్ డిస్కును హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న తమ్ముడింట్లో, ఆడపడుచింట్లో పెట్టండి. క్లౌడ్ మంచిదే, దాంతోపాటు చేతికందే కాపీ కూడా ఉండాలి. హుద్‌హుద్ తర్వాత కరెంటూ నెట్‌వర్కూ రోజుల తరబడి లేని సంగతి ఊరికి గుర్తుంది.

ప్రతి ఫ్లాపీకీ ఒక ఫోల్డర్ ఉండాలి. అందులో ఇమేజ్, లేబుల్ ఫొటో, విడదీసిన ఫైళ్లు, పీడీఎఫ్, యూనికోడ్ ప్రతి, వాడిన ఫాంటు. ఇమేజ్‌కు షా-256 చెక్‌సమ్ (ఫైలు మారితే తానూ మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి రాసిపెట్టండి, ఏడాదికోసారి సరిచూడండి. ఇంటి పాటలు, కథలు, నాటకాలు అయితే కాగితం మీద కూడా అచ్చు తీయండి. అందులో ఇతరుల పేర్లు, లెక్కలు, ఉత్తరాలు ఉంటే వాళ్లను అడగకుండా ఎవరికీ పంపకండి. రచన మీద హక్కు మీదే అయితే, లేదా రాసినవాళ్లు సరేనంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. తెలుగు వికీసోర్స్‌లో పెట్టాలంటే అక్కడి లైసెన్సుకు హక్కుదారు ఒప్పుకోవాలి.

అసలు ఫ్లాపీలను కాపీ అయిపోయాక కూడా పారేయకండి. రేపు ఇంకా మెరుగైన డ్రైవ్ దొరికితే రాని సెక్టార్లు రావచ్చు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, సముద్రం వైపు గోడకు ఆనని అరలో, డిస్కులు నిలువుగా ఉండేలా పెట్టండి. సంచులను వానాకాలం ముందూ తర్వాతా మార్చండి. డబ్బాలో ఒక కాగితం కూడా ఉంచండి: ఏ నంబరు డిస్కు, ఏ తేదీన, ఏ డ్రైవ్‌లో చదివారు, ఏ సెక్టార్లు రాలేదు, ఏ ఫాంటుతో తెరుచుకుంది, ఇమేజ్‌లు ఎవరింట్లో ఉన్నాయి.